గడప కాడి కేక

మత్తయికి మిద్దెలంటే విసుగు పుట్టి చాలా కాలమైంది. ఎక్కడం ఒక కష్టం, దిగడం రెండు కష్టాలు. ఎక్కేటప్పుడు మోకాళ్లు మూలుగుతాయి, దిగేటప్పుడు తిడతాయి. ఇంటికొక రకం నిచ్చెన. ఒకరింట్లో వెదురుది, ఒకరింట్లో టేకుది, ఇంకొకరింట్లో మెట్టు విరిగితే తాడుతో కట్టి నిలబెట్టింది. ఆ విరిగిన మెట్టు సంగతి ఇంటివాళ్లు ముందుగా చెప్పిన పాపాన పోలేదు. మనిషి కాలు జారి, గోడ పట్టుకుని, గుండె దడదడలాడుతుండగా అప్పుడు చెబుతారు, "చూసుకోని ఎక్కప్పా, ఆ మెట్టు బాగల్యా" అని.

అతని పని టీవీ యాంటెనాలు కట్టడం. నంద్యాలలో చిన్న రిలే టవరు లేచినాక, అంటే ఎనభై ఐదు, ఎనభై ఆరు ప్రాంతంలో, చేతిలో నాలుగు దుడ్లు ఆడే ప్రతి ఇంటికీ టీవీ పిచ్చి పట్టింది. పెట్టె కొనడం సులభమే. అందులో బొమ్మ రావడమే కష్టం. అది గాలిలో వస్తుంది. ఎటు నుంచి వస్తున్నదో కనిపెట్టి, ఇనుప పైపు చివర అల్యూమినియం పుల్లలను అటు తిప్పి బిగించాలి. నంద్యాల ఊళ్లో అయితే ఎటు తిప్పినా ఏదో ఒకటి వస్తుంది. ఆళ్లగడ్డ దాకా పోయేసరికి ఆ బలం సన్నగిల్లి, జానెడు తేడా వచ్చినా తెర మీద ఈగలు ముసురుతాయి.

ఈ పనికి ఇద్దరు కావాలి. మిద్దె మీద నిలబడి తిప్పే మనిషి ఒకరు, కింద పెట్టెను చూస్తూ కేక వేసే మనిషి ఒకరు. తిప్పేవాడు మత్తయి, కేక వేసేది అతని భార్య ప్రేమకుమారి.

"వచ్చిందా?"

"ల్యా."

"ఇప్పుడో?"

"కొంచెం వచ్చింది. ఇంకొంచెం... అయ్యో, పోయింది మళ్లా! ఎనక్కి తిప్పు!"

"ఇప్పుడు?"

"వచ్చింది!"

ఆమె నోట ఆ మాట వినపడితే మత్తయి మారు మాట్లాడకుండా పానాతో నట్టు బిగించేస్తాడు. దిగి వచ్చి తన కళ్లతో చూసుకోడు. మోకాళ్లు ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. ఆళ్లగడ్డలో టీవీలు కొన్నది ఎక్కువగా భూములున్న పెద్దిండ్లవాళ్లు. వాళ్లు పెట్టెను నడిమింట్లో పెట్టుకుంటారు. మత్తయి లాంటివాళ్లను ఆ నడిమింట్లోకి రావద్దని ఎవరూ చెప్పరు, రమ్మని కూడా ఎవరూ చెప్పరు. కాబట్టి ప్రేమకుమారి గడప బయటే నిలబడి, మెడ సాచి, ఆ చీకటి గదిలో మిణుకుమనే బొమ్మను చూసి కేక వేసేది. ఆ తర్వాత పరుగున వచ్చి నిచ్చెనను రెండు చేతులతో పట్టుకునేది. మత్తయి దిగి, వసారాలో ఇచ్చిన కూలి తీసుకుని, ఆమెతో కలిసి బస్సు స్టాండుకు నడిచేవాడు. తాను బిగించిన యాంటెనాలో బొమ్మ ఎట్లా వస్తుందో అతను ఆ ఊళ్లో ఒక్కసారి కూడా చూడలేదు.

అట్లా చూడకుండానే దిక్కు చెప్పగలడని అతనికి పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

మత్తయి పుట్టింది రుద్రవరం దగ్గర. తండ్రి కూలి మనిషి. మిషన్ బడిలో చదివినంత చదివి, పెళ్లయ్యాక నంద్యాల చేరి, చర్చి వెనక పేటలో ఒక గదిలో కాపురం పెట్టాడు. డెబ్బై మూడులోనో నాలుగులోనో ఊరి బయట ప్రభుత్వం వాళ్లు ఒక వైర్‌లెస్ స్టేషను పెట్టారు. స్టేషనంటే పెద్ద భవనమేమీ కాదు. రేకుల షెడ్డు, దాని చుట్టూ పొలంలో నాలుగు మూలలా నాటిన నాలుగు స్తంభాలు. గాలిలో వచ్చే సంకేతాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో అక్కడ కొలిచేవాళ్లు. స్తంభాలు నిలబెట్టడానికి, తీగలు లాగడానికి, గాలివానకు వంగితే సరిచేయడానికి మత్తయిని కూలికి పెట్టుకున్నారు.

అక్కడి ఇంజనీరు సంజీవయ్యది ప్యాపిలి. ఉబ్బసం మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే రెండు సార్లు ఆగి ఊపిరి తీసుకునేవాడు. అయినా చెప్పడమంటే ఆయనకు ఇష్టం. ఒకనాడు మధ్యాహ్నం తాడు ఒక కొస స్తంభానికి కట్టి, ఇంకో కొస మత్తయి చేతికిచ్చాడు.

"పైకీ కిందికీ ఊపు మత్తయి. చూడు, అల నిలబడి పోతాండాది. ఇప్పుడు పక్కలకు ఊపు. పడుకోని పోతాండాది. గాల్లో వచ్చేదీ ఇంతే. నిలబడి వచ్చేదుంటాది, పడుకోని వచ్చేదుంటాది. నిలబడి వచ్చేదాన్ని పట్టాలంటే కడ్డీ నిలబెట్టాల. పడుకోని వచ్చేదానికి పడుకోబెట్టాల. మార్చి పెడితే దొరకదు."

"మరి నాలుగు స్తంభాలెందుకు సార్? ఒకటి చాలదా?"

"మీ ఊరి పొలంలో వాన తూర్పు గట్టును ముందు తడిపితే, వాన యాడి నుంచి వచ్చినట్టు?"

"తూర్పు నుంచి."

"అంతే. ఏ స్తంభానికి ముందు తగిలింది, దేనికి తర్వాత తగిలింది, ఆ తేడా చూస్తే దిక్కు తెలుస్తాది. ఒక్కటే ఉంటే ముందూ ఎనకా ఏం తెలుస్తాది?"

మత్తయికి ఇది చాలా నచ్చింది. పొద్దంతా స్తంభాల మధ్య తిరుగుతూ దీన్నే ఆలోచించేవాడు. ఒక్క సంగతి మాత్రం అతనికి మింగుడు పడేది కాదు. పగలంతా బుద్ధిగా దిక్కు చూపించే యంత్రం ముల్లు, పొద్దు గుంకే వేళకు పిచ్చి పట్టినట్టు అటూ ఇటూ ఊగేది. కర్నూలు వైపు చూపించాల్సింది కడప వైపు చూపించేది. యంత్రం అబద్ధాలు చెబుతున్నదని మత్తయి విసుక్కుంటే సంజీవయ్య ఒప్పుకోలేదు.

"అది అబద్ధం చెప్పడం ల్యా మత్తయి. పొద్దు గుంకితే ఒకటే అల రెండు దోవల్లో వస్తాది. ఒకటి నేల మీద తిన్నగా, ఇంకొకటి ఆకాశానికి తగిలి మెలిపడి కిందికి. ఈ ముల్లుకు రెండూ కలిసే కనపడ్తాయి. దానికి కనపడిందే అది చెప్తాంది. దాన్ని తిడితే ఏం లాభం?"

పర్మనెంటు చేస్తామని స్టేషనువాళ్లు ఏటా చెప్పేవాళ్లు. మత్తయి ఏటా నమ్మేవాడు. ఒక ఏడు లారీ వచ్చి స్తంభాలనూ, రేకులనూ, యంత్రాన్నీ ఎక్కించుకుని పోయింది. సంజీవయ్యకు బదిలీ అయింది. మత్తయిని తీసేశామని కూడా ఎవరూ చెప్పలేదు. పనిలో ఉంటే కదా తీసేయడానికి. ఆ తర్వాత రేడియోలు బాగుచేశాడు, పెళ్లిళ్లకు మైకు సెట్లు కట్టాడు, ఫ్యాన్లకు తీగ చుట్టాడు. ఇంటి ఖర్చులో సగం ప్రేమకుమారి కుట్టే రవికెల మీద గడిచేది. యాభై దాటి మోకాళ్లు అరిగిపోయాక ఈ టీవీల కాలం వచ్చింది. పనేమో వచ్చింది, ఒళ్లే సహకరించని వయసులో వచ్చింది. దేవుడు ఇచ్చేది ఇస్తాడు గానీ వేళ కాని వేళ ఇస్తాడని మత్తయికి ఆయన మీద కొంచెం కోపం ఉండేది.

అట్లా ఒక ఏడాది నడిచింది. ఆ ఏడాదిలోనే ప్రేమకుమారి కుట్టుపని మానేసింది. "వేళ్లు లాగుతాండాయి" అంది. సరేలెమ్మన్నాడు. అన్నంలో రాళ్లు తగలసాగాయి. రెండు మూడు సార్లు పళ్లు జివ్వుమంటే కసురుకున్నాడు కూడా. చర్చి గుళ్లో ఆమె పాటల పుస్తకం తెరిచి పట్టుకునేది, పేజీ మాత్రం తిప్పేది కాదు. పక్కనే కూర్చునే మత్తయి ఇవన్నీ చూశాడు. చూసి ఊరుకున్నాడు. పొద్దంతా మిద్దెలెక్కి వచ్చి గోడకు చేరగిలబడిన మనిషి పెళ్లాం ముఖంలోకి ఎన్నిసార్లు చూస్తాడు? ఇది అతన్ని వెనకేసుకు రావడం కాదు. చూడాల్సింది చూడలేదు, అది తప్పే.

ఒక గురువారం ఆళ్లగడ్డ నుంచి పుల్లయ్య వచ్చాడు. టీవీలు అమ్మే అంగడి అతనిది. అతను పెట్టె అమ్ముతాడు, మత్తయి వచ్చి యాంటెనా కడతాడు. ఆ ఊళ్లో మత్తయికి పని ఇచ్చేది ఈ పుల్లయ్యే. వాకిట్లో మంచం వేస్తే కూర్చోలేదు.

"ఏమప్పా మత్తయి, నువ్వు కట్టిన యాంటెనాలన్నీ ఒక్క తీరుగా ఏడుస్తాండాయి."

"ఏమైందన్నా?"

"ఏమైందా? ఒక్కో మనిషికి పక్కన ఇంకో మనిషి నిలబడ్తాండాడు. నీడ! ప్రతి బొమ్మకూ నీడ!"

మరి ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చెప్పలేదని మత్తయి అడిగాడు. పుల్లయ్య నెత్తి కొట్టుకున్నాడు. చెప్పడానికి ఆ ఊళ్లో ఎవరైనా అంతకు ముందు టీవీ చూసి ఉంటే కదా! బొమ్మంటే అట్లాగే ఉంటుందనుకున్నారు. పెద్దింటి రామలక్ష్మమ్మయితే వార్తలు చదివే అమ్మాయి ఒంటరిగా రావడం ఇష్టంలేక చెల్లెలిని వెంటబెట్టుకుని వస్తుందని చుట్టుపక్కలందరికీ చెప్పింది. మొన్న ఆమె కోడలు భారతమ్మ నంద్యాల పుట్టింటికి వచ్చి, ఇక్కడి టీవీలో ఆ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉండటం చూసి ఆశ్చర్యపోయింది. తిరిగి పోయి ఆ మాట చెప్పింది. ఇంకేముంది, వీధి వీధంతా పుల్లయ్య అంగడి ముందు చేరింది. పైగా మత్తయిని పిలవకుండా సొంతంగా కట్టుకున్నవాళ్లు సైతం పెద్దింటి మిద్దె వైపు చూసి, ఆ యాంటెనా ఎటు తిరిగి ఉందో తమదీ అటే తిప్పుకున్నారు. పెద్దింట్లో ఏది ఉంటే అదే ఖాయమని ఆ వీధికి నమ్మకం. ఇప్పుడు ఆ వీధిలో పుల్లలన్నీ ఒకే దిక్కుకు తిరిగి మేసే గొర్రెల్లా ఉన్నాయి, అన్నిట్లోనూ నీడలే.

"ఆదివారం పొద్దున్నే రా. అందరి ముందర సరిచెయ్. తప్పు యాడుందో నాకు తెలియాల. పెట్టెదైతే పెట్టె మారుస్తా. నీదైతే మాత్రం ఇంక నీతో నాకు కుదరదు. దిక్కు తెలిసినోడని చెప్పి నా అంగడి పేరు నీ చేతిలో పెట్టినా" అని పుల్లయ్య వెళ్లిపోయాడు.

మత్తయికి పర్మనెంటు ఉద్యోగం లేదు, సెంటు భూమి లేదు, ఇప్పుడు మోకాళ్లు కూడా లేవు. 'మత్తయికి దిక్కు తెలుసు' అని నలుగురూ అనుకునే మాట ఒక్కటే ఉంది. అది కూడా పోయేలా ఉంది.

ఆ సాయంత్రం ప్రేమకుమారి చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. చివరికి, "ఈసారి నేను రాన్లేయ్యా. పక్కింటి యాకోబును పిల్చుకోని పో" అంది.

"యాకోబుకేం తెలుసు? నువ్వు వచ్చిందంటే వచ్చినట్టు. ఇంకొకరి మాట నాకు నమ్మకం ల్యా."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ మాటతో తన భార్యను మెచ్చుకున్నాననే అతను అనుకున్నాడు.

ఆదివారం గుడి మానుకుని మొదటి బస్సుకు బయల్దేరారు. ఆళ్లగడ్డలో పెద్దింటి వసారా నిండా మగవాళ్లు. రామలక్ష్మమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నడిమింట్లో ఆడవాళ్లూ పిల్లలూ పెట్టె ముందు చేరారు. టీవీలో పొద్దుటి కార్యక్రమం నడుస్తోంది. ప్రేమకుమారి ఎప్పటిలాగే గడప బయట నిలబడింది. మత్తయి నిచ్చెన ఎక్కాడు.

పైకి పోయి యాంటెనా చూసి ఆశ్చర్యపోయాడు. అది నంద్యాల వైపూ లేదు, తూర్పున నల్లమల వైపూ లేదు, రెండింటికీ నడుమ చూస్తోంది. గాలికి తిరిగిందేమోనని క్లాంపు చూశాడు. నట్టు మీద తుప్పు పట్టి, బిగించింది బిగించినట్టే ఉంది. అంటే తనే ఇట్లా బిగించాడు. ఇట్లా ఎందుకు బిగిస్తాడు? నంద్యాల నుంచి తిన్నగా వచ్చేది ఒకటి, నల్లమలకు తగిలి వాలిపోయి పక్క నుంచి వచ్చేది ఇంకొకటి. నడుమ పెడితే రెండూ దూరతాయి. తిన్నగా వచ్చింది బొమ్మ అవుతుంది, కొండకు తగిలి ఆలస్యంగా వచ్చింది నీడ అవుతుంది. ఈ మాత్రం తనకు తెలియదా? తెలుసు, అయినా కింద నుంచి 'వచ్చింది' అని వినపడ్డ చోటే బిగించాడు.

పైపు నంద్యాల వైపు తిప్పాడు. "వచ్చిందా?"

"వచ్చింది!"

అనుమానం వచ్చి మళ్లీ నడిమికి తిప్పాడు. "ఇప్పుడో?"

"వచ్చింది!"

ఈసారి పూర్తిగా కొండ వైపు తిప్పాడు. కింద కాసేపు చప్పుడు లేదు.

"...వచ్చినట్టే ఉండాది."

మత్తయి పానా అక్కడే పెట్టి నిచ్చెన దిగాడు. ఎవరూ పట్టుకోలేదు, ఎందుకంటే అతను మధ్యలో దిగుతాడని ప్రేమకుమారి అనుకోలేదు. వచ్చి గడప దగ్గర ఆమె పక్కన నిలబడి లోపలికి చూశాడు. తెర మీద ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్నాడు. ఒకడు కాదు, ఇద్దరు. ఒకడి చెవి మీద ఇంకొకడి ముక్కు. పిల్లలకైనా తెలిసిపోయేంత స్పష్టంగా ఉంది.

"బాగుండాది కదా?" అంది ప్రేమకుమారి, అతని వైపు తిరగకుండా.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. బయటి వెలుతురు పక్క నుంచి ఆమె కంట్లో పడుతోంది. నల్లగుడ్డు నడుమ పాలచుక్క చిందినట్టు తెల్లగా పొర ఉంది. రెండో కంట్లోనూ ఉంది. కుట్టుపని, అన్నంలో రాళ్లు, తిప్పని పాటల పుస్తకం, అన్నీ ఒక్కసారిగా వచ్చి అతని మీద పడ్డాయి. ఒకే గదిలో, ఒకే దీపం కింద కాపురం చేస్తూ ఈ పొరను చూడలేదు. కళ్లు లేనిది ఆమెకా తనకా అని అతనికి సిగ్గు వేసింది.

"ఏమైందప్పా? తప్పు యాడ?" పుల్లయ్య వసారాలోంచి అడిగాడు. మాటలాపి అందరూ ఇటు తిరిగారు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. నాది కాదన్నా, ఈమెకు చూపు ఆనడం లేదు అంటే చాలు. పేరు మిగులుతుంది, పని మిగులుతుంది. రేపటి నుంచి యాకోబునో ఇంకొకరినో పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. ప్రేమకుమారి తల వంచుకుని, కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది. గడప అవతల పెద్దింటి ఆడవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు.

"తప్పు నాదే అన్నా" అన్నాడు మత్తయి. "కొండ లెక్క మర్చిపోతి. దిక్కు తప్పినా."

"దిక్కు తెలిసినోడివి కదప్పా నువ్వు!"

రామలక్ష్మమ్మ మంచం మీద నుంచి, "పోనీలే పుల్లయ్యా, వానికీ వయసైపాయ" అంది. ఆమె మంచికే అంది. ఆ మంచే ఎక్కువ నొప్పి పెట్టింది.

"సరిచేసిపోతా. అంగడి నుంచి ఇంకొక యాంటెనా తెప్పించన్నా. ఇంకొక చిన్న మాట. మా ప్రేమకుమారికి గడప కాడి నుంచి లోపల సరిగ్గా ఆనదు, ఎండలో నిలబడుంటాది గదా. భారతమ్మా, నువ్వు పెట్టె ముందర కూచోని నీడ పెద్దదయిందా, చిన్నదయిందా ఈమెకు చెప్పు తల్లీ. కేక ఈమె ఏస్తాది."

ఈ ఏర్పాటు ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆ ఇంటి కోడలు వీధికి వినపడేలా కేకలు వేస్తే అత్త ఊరుకుంటుందా? భారతమ్మ మెల్లగా చెబితే, ప్రేమకుమారి పైకి అరవాలి. అది పద్ధతిగానే ఉంది.

మత్తయి మళ్లీ ఎక్కాడు. మొదట పైపును నంద్యాల వైపు తిప్పాడు. నీడ సగం తగ్గిందని కేక వచ్చింది, పూర్తిగా పోలేదు. కొండ మరీ దగ్గర. అప్పుడు సంజీవయ్య స్తంభాలు గుర్తుకొచ్చాయి. పైపుకు అడ్డంగా వెదురు బొంగు కట్టి, రెండు యాంటెనాలు పక్కపక్కన నిలిపి, రెండింటి తీగలూ ఒకటిగా కలిపాడు. నంద్యాల అల రెండింటికీ ఒకేసారి ఎదురుగా తగులుతుంది, తగిలి బలపడుతుంది. కొండ అల పక్క నుంచి వస్తుంది కాబట్టి ఒకదానికి ముందు, రెండోదానికి తర్వాత తగులుతుంది. ఆ ఎడం సరిగ్గా కుదిర్చితే, ఒకదానిలో లేచే వేళకు రెండోదానిలో పడి, ఆ లేచిందీ పడిందీ చెల్లుకు చెల్లు అవుతాయి. పుల్లలను సమంగా పడుకోబెట్టాడు, వాలి వచ్చే కొండ అలకు అవి మరీ అనువుగా దొరకకుండా. తర్వాత రెండో యాంటెనాను బొంగు మీద వేలెడు వేలెడు జరపసాగాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని జరపాల్సి రావడంతో అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మోకాళ్ల కోసమని మనం అనుకోవచ్చు.

"సన్నబడ్తాండాదంట!"

"ఇప్పుడో?"

"ఇంకా సన్నబడిందంట!"

"ఇప్పుడు?"

కింద గుసగుసలు. తర్వాత ప్రేమకుమారి గొంతు.

"వార్తలమ్మాయి ఒక్కతే ఉండాదంట! వచ్చింది!"

నడిమింట్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. రామలక్ష్మమ్మను లేపి లోపలికి తీసుకుపోయి చూపించారు. ఆమె చాలాసేపు చూసి, "పాపం, చెల్లెలు యాడికి పాయనే?" అంది.

మిగిలిన ఇండ్ల పని పొద్దు వాలకముందే అయిపోయింది. పెద్దింటి యాంటెనాను చూసి మీవి కూడా అటే తిప్పుకోండని మత్తయి చెప్పాడు. ఎట్లాగూ వాళ్లు చేసేది అదే. నీడ ఇంకా సన్నగా మిగిలినవాళ్లు పక్కింటి కన్నా తమదే నయమని సరిపెట్టుకున్నారు.

పుల్లయ్య ఆనాటి కూలి ఇచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. బస్సు స్టాండు దాకా తోడు వచ్చి, ఆకు వక్క ఇచ్చి, నేల చూస్తూ చెప్పాడు. "కష్టపడినావ్ మత్తయి. ఈ మోకాళ్లతో ఇంక నీకెందుకప్పా ఈ మిద్దెలు? కర్నూలోడు ఒకడున్నాడు, పిల్లోడు. పనుంటే నేనే కబురు చేస్తాలే." ఆ కబురు రాదని ముగ్గురికీ తెలుసు.

బస్సులో కిటికీ పక్క ప్రేమకుమారిని కూర్చోబెట్టి మత్తయి ఈ పక్క కూర్చున్నాడు.

"తప్పు నీదని ఎందుకు చెప్తివి?" అంది ఆమె.

"ఎవరిదో ఒకరిది కావాల గదా."

"నేను అబద్ధం చెప్పలేదయ్యా." ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది. "ఏడాది బట్టి నాకు అన్నీ రెండుగానే కనపడ్తాండాయి. దీపం రెండు, బిందె రెండు. ఆ పెట్టెలో బొమ్మ రెండుంటే నా కండ్లదే తప్పనుకున్యా. ఉండేది ఒక్కటే, నాకే రెండు కనపడ్తాండాయి అని సర్ది చెప్పుకోని, వచ్చింది అని కేకేస్తాంటి."

మత్తయికి రేకుల షెడ్డూ, పొద్దు గుంకే వేళ ఊగే ముల్లూ, ఊపిరి ఆగి ఆగి మాట్లాడే సంజీవయ్యా గుర్తుకొచ్చారు. ఆ ముల్లును కూడా తను ఊరికే తిట్టాడు.

"మరి నాతో చెప్పొద్దా?"

"చెప్తే ఇంట్లో కూర్చోబెడ్తివి. నువ్వు నిచ్చెన దిగేటప్పుడు ఎవరు పట్టుకుంటారు? నీ కాలు మెట్టు మీద పడ్తాండాదా ల్యాదా చూసేదానికే నేను వస్తాంటి. టీవీ ఎవురికి కావాల?"

ఒక మెట్టుకు రెండు మెట్లు, ఒక కాలికి రెండు కాళ్లు కనపడే మనిషి ఇన్ని నెలలూ ఆ నిచ్చెనను ఎట్లా పట్టుకున్నదో అతనికి అర్థం కాలేదు.

"రేపు కంటి ఆస్పత్రికి పోదాం."

"రేపు పని ల్యాదా?"

"ల్యా."

ఆమెకు అర్థమైంది. తల కిటికీ వైపు తిప్పుకుంది. బయట జొన్న చేల మీద ఎండ తగ్గుతోంది. కొంతసేపటికి మత్తయే పలకరించాడు.

"మే, నేను కూడా ఇద్దరుగానే కనపడ్తాండానా?"

"ఆ."

"అందులో నేనెవరో ఎట్ల తెలుస్తాది నీకు?"

ప్రేమకుమారి ఇటు తిరిగి, కళ్లు చిట్లించి, అతని ముఖాన్ని చాలాసేపు చూసింది.

"తెల్దయ్యా. ఇద్దరూ ఒకే తీరుగా అలిసిపోయుండారు."

అని చెయ్యి చాపింది. ఆ చెయ్యి మొదట అతని పక్కన ఖాళీ గాలిలోకి పోయింది. తర్వాత వెనక్కి వచ్చి, వెతుక్కుని, నొప్పి పెట్టే మోకాలి మీద ఆగింది. నంద్యాల వచ్చేదాకా అక్కడి నుంచి తీయలేదు.